తొమ్మిది వరుసల పనితనం

పేజీలో సగం కూడా నిండని పట్టిక అది. తొమ్మిది వరుసలు, వరుసకు మూడు రోజులు. ఏ గడిలో చూసినా రెండే పనులు: ఇంతసేపు నడవాలి, ఇంతసేపు పరుగెత్తాలి. బరువు తగ్గుతావన్న ఆశ చూపదు. కిలోలు రాసుకోవడానికి గడి లేదు. ఏం తినాలో, ఏం మానాలో అసలే లేదు. ‘కౌచ్ టు 5కె’ అని పేరున్న ఈ పట్టికను 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు తయారుచేశాడు. పరుగు నేర్పడం అతని వృత్తి కాదు, వైద్యమూ కాదు. తాను కొత్తగా పరుగు మొదలుపెట్టి, మొదటి వారాల్లో నానా అవస్థ పడి, అది గట్టెక్కాక వచ్చే సుఖం చూశాడు. యాభైల్లో ఉన్న తన తల్లిలాంటి వాళ్లకు ఆ అవస్థ లేకుండా ఈ సుఖం దక్కాలంటే ఏం చేయాలన్న ఆలోచనలోంచి పుట్టిందీ పట్టిక. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో దాన్ని అందులో పెట్టాడు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ దాన్ని అందిపుచ్చుకుని ఆడియో పాఠాలుగా, ఆపైన ఫోన్ యాప్‌గా మార్చి జనంలోకి తీసుకుపోయింది. ఇప్పుడు కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి మొదట చేతికందేది ఇదే.

నా దృష్టిలో ఇదొక చక్కగా చేసిన వస్తువు. కాబట్టి వస్తువును చూసినట్టే, కుట్లు విప్పి చూడాలి.

ముందు దాన్ని కట్టంగూర్‌కు తెచ్చుకుందాం. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు తగిలే మండల కేంద్రం ఇది. ఇలాంటి ఊళ్లకు పరుగు కొత్తేం కాదు. పొద్దు పొడవకముందే స్కూల్ గ్రౌండ్‌లోనో, పక్క ఊళ్లకు పోయే రోడ్ల మీదో పిల్లలు ఉరుకుతుంటారు. పోలీసు నోటిఫికేషన్ పడిందంటే ఆ గుంపు ఇంకా పెరుగుతుంది. వాళ్లు దాన్ని పరుగు అనరు, ‘ఈవెంట్స్ ప్రాక్టీస్’ అంటారు. 2022 నోటిఫికేషన్ లెక్క ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మగపిల్లల సంగతి చూస్తే కిలోమీటరుకు సుమారు నాలుగున్నర నిమిషాలు. అందుకే ఊళ్లో పరుగంటే అందరి మనసులో ఒకటే బొమ్మ: ఇరవై ఏళ్ల వయసు, బక్కపలచటి ఒళ్లు, గడియారంతో పంతం.

నలభై దాటి, తొంభై కిలోలు దాటి, రక్తపరీక్షలో షుగర్ బయటపడ్డ మనిషి గ్రౌండ్‌కు వచ్చినా ఆ బొమ్మనే చూసి ఉరుకుతాడు. ఒక చుట్టు పూర్తయ్యేలోపు గుండె నోట్లోకి వస్తుంది. రెండో రోజు పిక్కలు పట్టేస్తాయి, మూడో రోజు మోకాలు సలుపుతుంది. నాలుగో రోజు ఇంట్లోవాళ్లే అంటారు: “ఈ ఒంటితోని ఉరుకుడేంది, మోకాళ్లు పోతయ్. నడువు చాలు.” ఇలాంటి వాళ్లు ఒకరిద్దరు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లలో, ఆడా మగా తేడా లేకుండా, పదిమందిలో ముగ్గురు అధిక బరువుతో ఉన్నవాళ్లే. ఈ ముగ్గురి కోసం మన గ్రౌండ్లలో ఏ కొలతా లేదు. ఉన్న ఒక్క కొలత పోలీసు కొలత.

క్లార్క్ పట్టిక మొదటి వారం ఇలా ఉంటుంది: ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. ఆ తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. ఇదే వంతున 20 నిమిషాలు. అంటే ఎనిమిదిసార్లు పరుగు, మొత్తం కలిపి ఎనిమిది నిమిషాలు. వారంలో మూడు రోజులు ఇదే, రోజు విడిచి రోజు.

ఒక్క నిమిషమేనా అనిపిస్తుంది. ఆ ఒక్క నిమిషంలోనే మొదటి పనితనం ఉంది. మనం ఉన్నట్టుండి పరుగందుకుంటే కండరాలు అడిగినంత ఆక్సిజన్‌ను గుండె, ఊపిరితిత్తులు వెంటనే అందించలేవు. అవి పుంజుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా కండరం తనలో దాచుకున్న సరుకుతో నెట్టుకొస్తుంది. అలవాటు లేని మనిషికి ఊపిరాడని యాతన సరిగ్గా ఆ రెండో, మూడో నిమిషంలో వచ్చి మీద పడుతుంది. 60 సెకన్ల పరుగు ఆ యాతన తలుపు తట్టకముందే ముగుస్తుంది. మనిషి ఇంకొంచెం ఉరకగలను అనుకుంటుండగానే పట్టిక ఆపేస్తుంది. 90 సెకన్ల నడకలో దమ్ము మళ్లీ చిక్కుతుంది, తర్వాతి నిమిషం కూడా మొదటి నిమిషంలాగే మొదలవుతుంది. భయపెట్టకుండా ఎనిమిది నిమిషాలు పరుగెత్తించడానికి ఇంతకంటే నేర్పైన దారి నాకు తోచలేదు.

ఇక ఎముకల సంగతి. నడకలో అడుగు పడ్డప్పుడు నేల నుంచి కాలికి తగిలే దెబ్బ ఒంటి బరువు కంటే కొంచెమే ఎక్కువ. పరుగులో అది రెండింతల నుంచి మూడింతల దాకా పోతుంది. నూరు కిలోల మనిషికి ఒక్కో అడుగుకు రెండు మూడు క్వింటాళ్లన్నమాట. నిమిషానికి నూట యాభై, నూట అరవై అడుగులు పడతాయి. ఊపిరితిత్తులు, గుండె కొద్ది వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. ఎముకకు, కండను ఎముకకు కట్టే స్నాయువుకు అంత తొందర లేదు, వాటికి నెలలు కావాలి. బరువైన మనిషికి ప్రమాదం ఉన్నది ఈ తేడాలోనే. మూడో వారానికి దమ్ము కుదురుతుంది, ‘నేను బాగానే ఉన్నాను, ఇంకా ఉరుకుతా’ అనిపిస్తుంది. కాలి ఎముక అప్పటికి సిద్ధంగా ఉండదు. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు కాలి ఎముకల్లో సన్నటి పగుళ్లు ఎక్కువగా బయటపడేది శిక్షణ మొదలైన తొలి వారాల్లోనే. పట్టికలో పరుగు లేని రోజులు ఖాళీ రోజులు కావు. ఆ రోజుల్లో ఎముక తన మరమ్మతు తాను చేసుకుంటుంది. వారంలో మూడు పనిరోజులు రాసి నాలుగు రోజులు వదిలేసిన చేతికి ఈ సంగతి తెలుసు.

పోచంపల్లి, పుట్టపాకల్లో చిటికి కట్టేవాళ్లు రంగు ఎక్కడ అంటకూడదో ముందు చూసుకుని అక్కడ దారాన్ని బిగించి కడతారు. రంగు అంటని చోటు వల్లే డిజైన్ తేలుతుంది. ఈ పట్టికలో నడక అలాంటిది. అందరూ పరుగు నిమిషాలు పెరగడమే చూస్తారు. నేను నడక నిమిషాలు మాత్రమే విడిగా రాసుకుని చూశాను. అసలు లెక్క అక్కడ బయటపడింది.

మొదటి వారంలో ఒక నిమిషం పరుగుకు నిమిషంన్నర నడక. అంటే నడక పరుగుకు ఒకటిన్నర రెట్లు. రెండో వారంలో 90 సెకన్ల పరుగుకు రెండు నిమిషాల నడక, అంటే ఒకటింబావు కంటే కొద్దిగా ఎక్కువ. మూడో వారంలో రెండూ సమానం: 90 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, మూడు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక, ఇదంతా మళ్లీ ఒకసారి. నాలుగో వారానికి నడక పరుగులో సగానికి పడిపోతుంది: మూడు నిమిషాల పరుగుకు నిమిషంన్నర, ఐదు నిమిషాల పరుగుకు రెండున్నర. విశ్రాంతి ఇలా మెట్టు మెట్టుగా, చడీచప్పుడు లేకుండా తరిగిపోతుంది. పరుగెత్తేవాడి కళ్లు మాత్రం పరుగు అంకె మీదే ఉంటాయి.

రెండో వారంలో మొత్తం పరుగు తొమ్మిది నిమిషాలు. మూడో వారంలో కూడా తొమ్మిదే. పని పెరగలేదు, ముక్క పెరిగింది. పెద్ద ముక్క 90 సెకన్ల నుంచి మూడు నిమిషాలకు రెట్టింపైంది. ఊపిరాడని ఆ రెండో, మూడో నిమిషాన్ని మనిషి మొదటిసారి ముఖాముఖి చూసేది ఇక్కడే. చూసే ముందు ఒక చిన్న 90 సెకన్ల పరుగుతో ఒళ్లు వేడెక్కించి, తర్వాత పెద్దదాన్ని పెట్టారు. మొత్తం పనిని కదపకుండా ఒక్క అలవాటును మాత్రమే మార్చడం మంచి ఉపాధ్యాయుడి లక్షణం. రెండు కొత్త సంగతులు ఒకే రోజు చెప్పడు.

నాలుగో వారంలో ఆ నియమం తప్పింది. పరుగు మొత్తం తొమ్మిది నిమిషాల నుంచి ఒక్కసారిగా పదహారుకు పోతుంది. ముక్కలూ పెరిగాయి, మొత్తమూ పెరిగింది, నడకా సగమైంది. పట్టికలో బలహీనమైన చోటు ఇదే అని నా అభిప్రాయం. సన్నటి మనిషి గడుస్తాడేమో గాని నూరు కిలోల మనిషికి పిక్క ముందువైపు ఎముక నొప్పి పుట్టేది ఇక్కడే. దీనికి మందు ఉంది, తేలికైందే: మూడో వారాన్ని మళ్లీ ఒకసారి, అవసరమైతే ఇంకోసారి చేయాలి. ఏ వరుస దగ్గర ఎన్నాళ్లు నిలబడ్డా పట్టిక కూలిపోదు. తొమ్మిది వారాల పని పదమూడు వారాలైతే ఎవరూ జరిమానా వేయరు.

ఐదో వారం గురించి ఎక్కువ చెప్పాలి. దాన్ని దాటినవాళ్లంతా దాని గురించే మాట్లాడతారు. మూడు రోజులూ మూడు రకాలుగా ఉండటం ఈ వారంతోనే మొదలవుతుంది. మొదటి రోజు ఐదు నిమిషాల పరుగు మూడుసార్లు, మధ్యలో మూడేసి నిమిషాల నడక. రెండో రోజు ఎనిమిది నిమిషాల పరుగు రెండుసార్లు, మధ్యలో ఐదు నిమిషాల నడక. మూడో రోజు పరుగు మధ్యలో నడక అన్న మాటే ఉండదు. 20 నిమిషాల పరుగు, ఏకబిగిన.

పట్టికను ముందే పూర్తిగా చదివినవాళ్ల గుండె ఈ గడి దగ్గర జారుతుంది. ఎనిమిది నిమిషాలు కూడా కష్టంగా గడిచిన మనిషి రెండు రోజుల్లో ఇరవై నిమిషాలు ఎలా ఉరుకుతాడు? లెక్క వేసి చూస్తే జారాల్సిన పని లేదు. మొదటి రోజు పరుగు మొత్తం పదిహేను నిమిషాలు, రెండో రోజు పదహారు, మూడో రోజు ఇరవై. పనిలో పెరిగింది నాలుగు నిమిషాలే. మారింది మధ్యలో ఉన్న ఆ ఒక్క నడక. దానికి ముందు ఆ రెండు రోజుల్లో నడక పాలు నాలుగో వారం కంటే కాస్త పెంచారు కూడా. నాలుగో వారంలో తన ముందున్న పరుగులో సగం ఉన్న నడక, ఐదో వారం మొదటి రెండు రోజుల్లో సగం దాటి, మూడింట రెండు వంతులకు దగ్గరగా వస్తుంది. అంటే పరుగు ముక్కలు పెంచుతూనే ఊపిరికి ఎడం ఇచ్చి, కాళ్లలో శక్తి మిగల్చి, మూడో రోజుకు మనిషిని తాజాగా తెచ్చి నిలబెట్టారు. నాకు ఈ పట్టికలో అన్నిటికంటే నచ్చిన కుట్టు ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఊపిరి మూడో నిమిషం తర్వాత ఒక దారిన పడుతుంది. వేగం పెంచకపోతే నాలుగో నిమిషం ఎలా ఉంటుందో పదో నిమిషం ఇంచుమించు అలాగే ఉంటుంది. ఈ నిజం ఎవరు చెప్పినా బరువైన మనిషి నమ్మడు. మెట్లెక్కినా ఆయాసపడే ఒళ్లు నమ్మనివ్వదు. అందుకే చెప్పకుండా చేయించారు. ఇరవై నిమిషాలయ్యాక గడియారం వంక చూసుకున్న మనిషికి ఇక వివరణ అక్కర్లేదు.

ఆ మరుసటి వారం ఏం పెట్టాడో చూడండి. ఇరవై నిమిషాలు ఉరికినవాడికి తర్వాత ఇరవై రెండో ఇరవై ఐదో ఇస్తారనుకుంటాం. క్లార్క్ వెనక్కి తీసుకుపోయాడు. ఆరో వారం మొదటి రోజు: ఐదు నిమిషాల పరుగు, మూడు నడక, ఎనిమిది పరుగు, మూడు నడక, మళ్లీ ఐదు పరుగు. గెలిచినవాడి కాలికి ఆ మర్నాడు ఉండే నొప్పి, తలకెక్కే తొందర రెండూ తెలిసినవాడే ఇలా రాయగలడు. రెండో రోజు పది, మూడు, పది. మూడో రోజు ఇరవై ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఇక పట్టికలో నడక విరామం కనబడదు. ఏడో వారమంతా 25, ఎనిమిదో వారమంతా 28, తొమ్మిదో వారమంతా 30. చివరి మూడు వారాల్లో పెరిగింది ఐదు నిమిషాలే. అక్కడ కథ ఏమీ లేదు, స్థిరపడటమే. మారనిది ఒక్కటి: మొదటి రోజు పెట్టిన ఐదు నిమిషాల చురుకు నడక చివరి రోజు కూడా పరుగుకు ముందు అలాగే ఉంటుంది.

క్లార్క్ చేతికి ముందు చేతులున్నాయి. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ 1960ల మొదట్లో ఆక్లాండ్‌లో మధ్యవయసువాళ్లను, గుండెజబ్బు వచ్చి తేరుకున్నవాళ్లను మెల్లగా పరుగెత్తించేవాడు. 1962 చివర్లో అక్కడికి వెళ్లిన అమెరికన్ కోచ్ బిల్ బోవర్‌మన్, ఒలింపిక్ పరుగు పందెగాళ్లను తయారుచేసినవాడు, ఆ గుంపుతో ఉరికి వెనకబడ్డాడు. డెబ్భై దాటిన, గుండెపోట్లు తిన్న ఒక పెద్దాయన అతనికి తోడుగా వేగం తగ్గించుకోవాల్సి వచ్చింది. బోవర్‌మన్ ఇంటికెళ్లి ఒక గుండె డాక్టరుతో కలిసి ‘జాగింగ్’ అనే పుస్తకం రాశాడు. నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడుగా అతని పేరు ఎక్కువమందికి తెలుసు గాని, నా లెక్కలో అతని పెద్ద పని ఈ పుస్తకమే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే, పరుగు మధ్యలో నడవడం ఓటమి కాదని, అదే పద్ధతి అని, దశాబ్దాల పాటు కొత్తవాళ్లకు నేర్పాడు. వీళ్లందరి దగ్గరా కనిపించే కొలత ఒకటే: పరుగెత్తుతూ పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు.

పట్టికలో వేగం గురించి ఏమీ లేకపోవడం లోపమని కొందరంటారు. బరువైనవాళ్లకు అది వరమని నేనంటాను. నిజానికి క్లార్క్ మొదటి రూపంలో కొన్ని గడుల్లో నిమిషాలతో పాటు మైళ్లు కూడా ఉన్నాయి: రెండు మైళ్లు, లేదా 20 నిమిషాలు. ఆ రెండూ సమానం కావాలంటే కిలోమీటరుకు ఆరు నిమిషాల పైచిలుకు వేగం కావాలి. నూరు కిలోల కొత్త మనిషికి తొమ్మిది నిమిషాలు పట్టినా మెచ్చుకోవాల్సిందే. కాబట్టి దూరం మర్చిపోయి నిమిషాలు పట్టుకోవాలి. అలా చేస్తే పట్టిక పేరు కొంచెం అబద్ధమవుతుంది. ఆఖరి రోజు ముప్ఫై నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు రావు, మూడు దాటుతాయి. అదేం తక్కువ కాదు. కట్టంగూర్ నడిబొడ్డు నుంచి బయలుదేరితే ఊరు దాటి చేలల్లో పడే దూరం.

మొదటి రోజు ఆ వేగంతో 60 సెకన్లలో వచ్చేది నూట పది మీటర్లు, రెండు మూడు కరెంటు స్తంభాల దూరం. ఈదులూరు వైపో, మునుకుంట్ల వైపో పోయే రోడ్డు మీద కార్తీకంలో ఆ దూరం కూడా తిన్నగా దొరకదు. వానాకాలం వడ్లు రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. సగం రోడ్డు వడ్లది, మిగతా సగం ట్రాక్టర్లది. బరువైన మనిషి అంచు పట్టుకుని ఉరుకుతూ, గడియారం మోగగానే ఠక్కున నడకలోకి దిగుతాడు. వెనకాల వస్తున్న ఈవెంట్స్ పిల్లవాడు ఊరుకోడు. “ఏంది కాకా, గప్పుడే అలిసినవా?” “అలుస్తలేను బిడ్డా. నడిచే టైమైంది.” ఆ జవాబు నవ్వకుండా చెప్పగలగడం మొదటి వారంలో అన్నిటికంటే కష్టం. పట్టిక దగ్గరుంటే చెప్పగలుగుతాడు. ఆగమన్నది తన ఒళ్లు కాదు, కాగితం.

జాతీయ రహదారి జోలికి మాత్రం పోవద్దు. చీకట్లో లారీలు, బస్సులు పోయే నాలుగు వరుసల రోడ్డు అది. గ్రౌండ్ ఉంటే గ్రౌండ్, లేకపోతే వాహనాలకు ఎదురుగా, ఒంటిమీద తెల్ల అంగీతో ఊరి రోడ్డు. ఆడవాళ్లకు ఇంకో చిక్కు: నడిస్తే ఎవరూ చూడరు, ఉరికితే ఊరంతా చూస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరితే ఆ చూపుల బరువు తగ్గుతుంది. ఒకరు గడియారం చూస్తే చాలు, మిగతావాళ్లు ముచ్చట పెట్టుకుంటూ ఉరకొచ్చు. పైన చెప్పిన మాట కొలత దానంతటదే నెరవేరుతుంది.

హైదరాబాద్‌లో ఈ పని పద్ధతిగా జరుగుతోంది. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ సంఘం ఆగస్టులో జరిగే నగర మారథాన్‌కు ముందు వారాల్లో, ఈ ‘కౌచ్ టు 5కె’ పేరుతోనే, కొత్తవాళ్లకు పార్కుల్లో, మైదానాల్లో వలంటీర్లతో శిక్షణ ఇప్పిస్తూ వస్తోంది. పట్టిక ఒంటరి మనిషి కోసం రాసిందే అయినా గుంపులో బాగా నడుస్తుందని అక్కడ రుజువైంది.

పట్టికకు తెలియనివీ ఉన్నాయి. దానికి మన ఎండ తెలియదు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే జిల్లా ఇది. అలాంటప్పుడు తొమ్మిది వారాల పని మొదలుపెట్టడం తెలివి కాదు. దీపావళికి మొదలుపెడితే సంక్రాంతి నాటికి దాదాపు సరిపోతుంది, పండుగ ముందే వచ్చిన ఏడు రెండు మూడు వారాలు చేతిలో మిగులుతాయి కూడా. నాలుగో వారం దగ్గర వెనక్కి తిరగడానికి ఆ మిగులు పనికొస్తుంది. పట్టికకు మన నీళ్లూ తెలియవు. ఫ్లోరైడ్‌తో దశాబ్దాల పాటు పోరాడిన నల్గొండ జిల్లాలో వెన్ను, మోకాళ్లు, మడమలు బిగుసుకున్నవాళ్లు నేటికీ ఉన్నారు. చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగి, పొద్దున్నే కీళ్లు పట్టేస్తున్న మనిషి ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, నడిస్తేనే ఆయాసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లూ అంతే. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లు పరగడుపున ఉరకొచ్చో లేదో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయన్న సంగతి కూడా ఈ పట్టికలో దొరకదు. లోపల బిగుతు నిక్కరు వేసుకుని, కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే సరి.

మరి మోకాళ్లు పోతాయా? 2017లో అచ్చైన ఒక పరిశోధన అంతకుముందు జరిగిన పలు అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. సరదాకు పరుగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల నూటికి నలుగురిలోపే కనిపించింది. పరుగెత్తకుండా కూర్చునేవాళ్లలో నూటికి పదిమందికి, పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో నూటికి పదమూడు మందికి. ఈ లెక్కను బట్టి చూస్తే మోకాలికి ముప్పు ఉరికితే కాదు, మితి లేకుండా ఉరికితే. అప్పటికే అరిగిన మోకాలైతే లెక్క వేరు, అక్కడ డాక్టరు మాటే మాట.

బరువు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. పరుగుకు అయ్యే ఖర్చు ఒంటి కిలోకు, కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ. తొంభై కిలోల మనిషి మొదటి రోజు ఎనిమిది నిమిషాల పరుగులో ఖర్చు చేసేది తొంభై క్యాలరీల లోపు. ఇంటికొచ్చి రెండు గ్లాసుల చక్కెర చాయ్ తాగితే అది తిరిగొచ్చేసినట్టే. అందుకే పట్టికలో కిలోల గడి లేకపోవడం మర్యాదే కాదు, నిజాయితీ కూడా. అది ఇస్తానన్నది అరగంట ఆగకుండా ఉరకగల దమ్ము. అది ఇస్తుంది. బరువు పళ్లెం దగ్గర తేలే వ్యవహారం.

కట్టంగూర్‌లో స్కూల్ గ్రౌండ్ చూసుకునేవాళ్లకు, ఆసుపత్రిలో నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చే సిబ్బందికి ఒక విన్నపం. ఈ తొమ్మిది వరుసలను తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక్క కాగితం మీద అచ్చు వేయించి గ్రౌండ్ గోడకూ, మందుల కిటికీ పక్కనా అతికించండి. ఈవెంట్స్ పిల్లలు తమ కొలతతో తాము ఉరుకుతారు. మాత్రలకు వచ్చిన మనిషికి తన కొలత ఏదో ఆ గోడ మీద కనబడాలి.